పిల్లల బరువు, నడుము కొలత: ఏ లెక్కను ఎప్పుడు నమ్మాలి

పదేళ్ల అబ్బాయికి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) 20 వచ్చిందనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం అది అధిక బరువు. అదే 20 పదిహేనేళ్ల అబ్బాయికి వస్తే, ఆ వయసువాళ్లలో దాదాపు నడిమధ్యన ఉన్నట్టు. ఆరేళ్ల పిల్లాడికి వస్తే ఊబకాయం. అంకె ఒక్కటే అయినా అర్థం మూడు రకాలుగా మారింది. పిల్లల కొలతల్లో వయసు, ఆడా మగా అన్నవి చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

ఫోన్లో దొరికే బీఎంఐ కాలిక్యులేటర్లు చాలావరకు పెద్దవాళ్ల కోసం చేసినవి. 18.5 కంటే తగ్గితే బరువు తక్కువనీ, 25 దాటితే ఎక్కువనీ చెబుతాయి. పదేళ్ల అబ్బాయిల మధ్యస్థ బీఎంఐయే (సగంమంది దీనికి పైన, సగంమంది కింద ఉండే అంకె) 16.4. అంటే చక్కగా ఎదుగుతున్న పిల్లాణ్ణి కూడా ఆ కాలిక్యులేటర్ బక్కచిక్కినవాడిగా చూపిస్తుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి కొసరి కొసరి తినిపించడం మొదలుపెడతారు. మరోవైపు అదే వయసులో 22 ఉన్న పిల్లాడు ఊబకాయం గీత (21.4) దాటేసినా ‘నార్మల్’ అనే అంటుంది. కాబట్టి పుట్టినతేదీ అడగని కాలిక్యులేటర్‌ని పిల్లల కోసం అసలు వాడకండి.

మరి దేన్ని వాడాలి? ఉత్త బరువా, వయసును బట్టి బీఎంఐనా, నడుము చుట్టుకొలతా, ఎత్తుతో పోల్చిన నడుమా, కొవ్వు శాతం చెప్పే మెషీనా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అయిదేళ్లు దాటిన పిల్లలకు ఇంట్లో వయసును బట్టి బీఎంఐ ప్రధాన కొలతగా, ఎత్తుతో నడుము నిష్పత్తి రెండో సాక్షిగా ఉంటే చాలు. మిగతావి డాక్టర్ చేతిలోనో, ప్రత్యేక పరిస్థితుల్లోనో పనికొస్తాయి. అంతకన్నా ముఖ్యం, ఏది ఎంచుకున్నా ప్రతిసారీ ఒకే తీరులో కొలవడం. ఒక్క రోజు కొలత మీద కన్నా ఏడాది పొడవునా అదే తీరులో తీసిన మూడు నాలుగు కొలతల మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఎత్తు దగ్గరే తప్పు జరుగుతుంది

బరువు, నడుము అని మొదలుపెట్టి ఎత్తు గురించి చెబుతున్నానేమిటి అనిపించవచ్చు. కానీ బీఎంఐ అయినా, నడుము నిష్పత్తి అయినా కింద నిలబడేది ఎత్తే. బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడం. అంటే ఎత్తులో వచ్చిన తప్పు రెట్టింపు బలంతో లెక్కలోకి వస్తుంది.

ఒక పదేళ్ల అబ్బాయి బరువు 41 కిలోలు, అసలు ఎత్తు 140 సెంటీమీటర్లు. బీఎంఐ 20.9. కొలిచేటప్పుడు మోకాళ్లు కాస్త వంచి, తల కిందికి దించి నిలబడ్డాడు. 138 అని రాసుకున్నారు. బీఎంఐ 21.5 అయిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ వయసు అబ్బాయిలకు ఊబకాయం గీత 21.4 కాబట్టి, పిల్లాడిలో ఏ మార్పూ లేకుండానే అధిక బరువు నుంచి ఊబకాయంలోకి వెళ్లిపోయాడు. బరువులో అర కిలో తేడా వచ్చి ఉంటే బీఎంఐ పావు పాయింటే కదిలేది. అందరూ మంచి వెయింగ్ మెషీన్ కోసం వెతుకుతారు, ఎత్తు దగ్గర మాత్రం గోడ మీద పెన్సిల్ గీతతో సరిపెట్టుకుంటారు.

చెప్పులు, సాక్సులు తీసేయాలి. జడ, కొప్పు, క్లిప్పులు అడ్డం రాకూడదు. మడమలు, పిరుదులు, భుజాల వెనక భాగం, తల వెనక భాగం గోడకు ఆనాలి. అందరికీ నాలుగూ ఆనవు, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లలకు. అప్పుడు బలవంతంగా నొక్కకుండా నిటారుగా నిలబెడితే సరిపోతుంది. చూపు సూటిగా ముందుకు ఉండాలి. గడ్డం ఎత్తితే ఎత్తు తప్పుగా వస్తుంది. తల మీద స్కేలు కాకుండా, గోడకు లంబకోణంలో నిలిచే అట్ట పుస్తకమో చెక్క ముక్కో పెట్టండి. పొద్దున లేచినప్పటి కంటే సాయంత్రానికి ఎత్తు సుమారు సెంటీమీటరు దాకా తగ్గుతుంది, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు రోజంతా నొక్కుకుపోతాయి కాబట్టి. ఈ ఒక్క కారణం చాలు, ప్రతిసారీ ఒకే పూట కొలవడానికి.

రెండేళ్ల లోపు పిల్లలను పడుకోబెట్టి పొడవు కొలుస్తారు, ఆ తర్వాత నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. రెంటికీ మధ్య సుమారు 0.7 సెంటీమీటర్ల తేడా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టింది. అందుకే రెండో పుట్టినరోజు దాటాక పిల్లవాడు ‘కుంచించుకుపోయినట్టు’ కనిపిస్తే భయపడనక్కర్లేదు.

ఉత్త బరువు

చంటిపిల్లలకు బరువే ప్రాణం. పాలు సరిపోతున్నాయా లేదా అన్నది మొదట బయటపెట్టేది అదే. మందు మోతాదు లెక్కకూ బరువు కావాలి. కానీ వయసు పెరిగేకొద్దీ ఉత్త బరువు చెప్పగలిగేది తగ్గిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయసుకు తగ్గ బరువు చార్టును పదేళ్ల దగ్గరే ఆపేసింది. ఆ తర్వాత ఒకరు ముందు, ఒకరు వెనక ఈడుకొస్తారు. ఎత్తు పెరిగినందువల్ల వచ్చిన బరువేదో, కొవ్వు వల్ల వచ్చిందేదో ఉత్త బరువు చూసి చెప్పలేం.

తరచుగా తూచడం గురించీ ఇక్కడే చెప్పాలి. ఈడు రాని బడి వయసు పిల్లలు సాధారణంగా ఏడాదికి రెండు మూడు కిలోలు పెరుగుతారు. నెలకు 200 గ్రాముల చిల్లర. తాగిన నీళ్లు, తిన్న తిండి, వెళ్లాల్సిన బాత్రూమ్ వల్ల ఒక్క రోజులోనే అర కిలో అటూ ఇటూ అవుతుంది. కాబట్టి వారం వారం తూచితే కనిపించేది ఎదుగుదల కాదు, నీళ్ల లెక్క. మూడు నుంచి ఆరు నెలలకోసారి చాలు. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే అది వేరే మాట.

మెషీన్ విషయానికొస్తే, 100 గ్రాముల తేడా చూపించే మామూలు డిజిటల్ స్కేల్ సరిపోతుంది. స్ప్రింగు ముల్లు ఉన్న పాత రకం కొన్నాళ్లకు సాగి తప్పు చూపిస్తుంది, వద్దు. కార్పెట్ మీద, చాప మీద పెట్టకండి, గట్టి నేల కావాలి. బరువు తెలిసిన వస్తువు ఏదైనా అప్పుడప్పుడూ పెట్టి చూస్తుంటే మెషీన్ దారి తప్పిందో లేదో తెలుస్తుంది. నిలబడలేని పసివాళ్లను ఎత్తుకుని ఒకసారి, ఎత్తుకోకుండా ఒకసారి తూచి తీసివేసే పద్ధతి అత్యవసరానికి పనికొస్తుంది కానీ, నెలల బిడ్డకు పది గ్రాముల తేడా చూపే పసిపిల్లల స్కేలే సరైనది.

వయసును బట్టి బీఎంఐ

ఈ సూత్రం 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త కెట్లే చేసిన లెక్క నుంచి వచ్చింది. దీనికి బీఎంఐ అన్న పేరు స్థిరపడింది 1972లో. ఒంట్లో కొవ్వెంతో, కండెంతో ఇది విడదీసి చెప్పదు. బీఎంఐ బాగా ఎక్కువగా ఉన్న పిల్లల్లో కొవ్వు కూడా ఎక్కువే ఉండటం మామూలు, కాబట్టి అక్కడ దాన్ని నమ్మవచ్చు. బీఎంఐ మామూలుగా ఉన్నంత మాత్రాన కొవ్వు మామూలుగానే ఉందని మాత్రం చెప్పలేం. సన్నటి కాళ్లూ చేతులూ, ముందుకొచ్చిన పొట్ట ఉన్న పిల్లలు ఈ జల్లెడలోంచి జారిపోతారు. నడుము కొలత అవసరమయ్యేది అక్కడే.

చార్టుల్లో రెండు ఎక్కువగా కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో అయిదేళ్ల లోపు పిల్లల ప్రమాణాలను, 2007లో 5 నుంచి 19 ఏళ్లవాళ్ల చార్టులను ఇచ్చింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చార్టులు 2000 నాటివి, 2 నుంచి 20 ఏళ్ల వరకు పనికొస్తాయి. సీడీసీలో 85వ పర్సెంటైల్ (అదే వయసు వందమందిలో 85 మంది కన్నా ఎక్కువ) నుంచి అధిక బరువు, 95 నుంచి ఊబకాయం, 5 కంటే కింద ఉంటే బరువు తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదేళ్లు దాటినవాళ్లకు మధ్యస్థం నుంచి ఒక ప్రామాణిక విచలనం (పిల్లల కొలతలు మధ్యస్థానికి ఎంత దూరంగా చెదిరి ఉంటాయో చెప్పే లెక్క) పైకి దాటితే అధిక బరువు, రెండు దాటితే ఊబకాయం అంటుంది. అయిదేళ్ల లోపు వాళ్లకు ఇవే గీతలు రెండు, మూడు. చిన్నపిల్లల విషయంలో తొందరపడి ముద్ర వేయకూడదన్న జాగ్రత్త అందులో ఉంది.

ఈ రెండూ ఒకే మాట చెప్పవు. పదేళ్ల అబ్బాయికి బీఎంఐ 19 ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో అధిక బరువు, సీడీసీ చార్టులో ఆరోగ్యకరమైన బరువు. ఏది కరెక్టు అని వాదించుకోవడం కన్నా, మీ పిల్లల డాక్టర్ ఏ చార్టు వాడుతున్నారో అదే ఇంట్లోనూ వాడండి. ఒకసారి ఇది, ఒకసారి అది చూస్తే పిల్లాడు ఎక్కడికీ కదలకుండానే గీతలు దాటినట్టు అనిపించి ఊరికే టెన్షన్ పడతారు.

బీఎంఐ గీత పుట్టినప్పటి నుంచి పైకే పోదు. మొదటి ఏడాదిలో పెరుగుతుంది, తర్వాత తగ్గుతూ వచ్చి అయిదారేళ్ల దగ్గర అడుగు తాకి మళ్లీ పైకి లేస్తుంది. నాలుగేళ్ల పిల్ల బొద్దుతనం పోయి సన్నబడిందంటే చాలాసార్లు అది ఈ సహజమైన దిగుడే. తిరిగి పైకి లేవడం అయిదేళ్లకు ముందే మొదలైతే మాత్రం తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం పెరుగుతుంది. అందరూ నాలుగేళ్లకు సన్నబడినందుకు బాధపడతారు, నిజానికి ఆ వయసులో గమనించాల్సింది ముందుగానే లావెక్కడాన్ని.

నడుము కొలత

కడుపు లోపలి అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వు చర్మం కింది కొవ్వు కన్నా ప్రమాదకరం. రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ సమస్యలతో దానికి దగ్గరి సంబంధం ఉంది. నడుము కొలత దాన్ని నేరుగా కాకపోయినా కాస్త దగ్గరగా పట్టుకుంటుంది. 2025 జనవరిలో వెలువడిన, వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల కమిషన్ నివేదిక కూడా బీఎంఐ ఒక్కదానితో ఊబకాయం తేల్చవద్దనీ, నడుము లాంటి మరో కొలత తోడు ఉండాలనీ చెప్పింది.

చిక్కంతా నడుము ఎక్కడ అన్నదానిలోనే ఉంది. బొడ్డు మీదుగా తీస్తారు కొందరు, బాగా సన్నగా ఉన్నచోట తీస్తారు ఇంకొందరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యన తీయమంటుంది. అమెరికా జాతీయ సర్వేల్లో తుంటి ఎముకకు కాస్త పైన తీస్తారు. ఒకే పిల్లకు ఈ చోట్లలో అంకెలు వేరువేరుగా వస్తాయి, ఎదిగిన ఆడపిల్లల్లో తేడా మరీ ఎక్కువ. ఇంట్లో నేను మధ్యస్థానాన్నే ఎంచుకోమంటాను, ఎముకలు గుర్తుగా ఉంటాయి కాబట్టి. బొడ్డు ఒక్కొక్కరిలో ఒక్కో ఎత్తులో ఉంటుంది, పొట్ట జారితే అదీ జారుతుంది.

పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు వదులుగా వదిలేసి నిలబడమనండి. చొక్కా పైకి, ప్యాంటు నడుము పట్టీ కాస్త కిందికి. చంక నుంచి నిలువుగా వేలితో తడుముతూ దిగితే చివరి పక్కటెముక అంచు తగులుతుంది. ఇంకా దిగితే తుంటి ఎముక గట్టిగా తగులుతుంది. ఆ రెంటికీ మధ్యలో పెన్నుతో చిన్న చుక్క, రెండో పక్కనా అలాగే. సాగని టేపును ఆ చుక్కల మీదుగా చుట్టి, వెనక వైపు కిందికి జారలేదని చూసుకోవాలి. అద్దం ముందు నిలబెడితే అది సులభం. టేపు చర్మానికి తాకాలి, లోపలికి నొక్కకూడదు. ఇప్పుడు పిల్లాణ్ణి ఏదో ఒకటి మాట్లాడించండి. పదకొండు పన్నెండేళ్ల పిల్లలు టేపు పడగానే పొట్ట లోపలికి లాక్కుంటారు, మాటల్లో పడితే వదిలేస్తారు. మామూలుగా ఊపిరి వదిలిన చివర అంకె చూడాలి. రెండుసార్లు తీసి, సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా ఉంటే మూడోసారి తీయండి.

ఈ అంకెను ఏం చేసుకోవాలి? నేరుగా వాడాలంటే వయసు, లింగం ప్రకారం పర్సెంటైల్ పట్టిక కావాలి. 90వ పర్సెంటైల్‌ని హెచ్చరిక గీతగా చాలామంది డాక్టర్లు చూస్తారు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2007లో 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లల మెటబాలిక్ సిండ్రోమ్‌కు (నడుము కొవ్వు, రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ సమస్యలు కలిసి రావడానికి) ఇచ్చిన నిర్వచనంలోనూ ఇదే గీత ఉంది. కానీ ఇలాంటి పట్టికలు ఒక్కో జనాభాకు ఒక్కోలా ఉన్నాయి, ఇంట్లో వెతుక్కుని సరిచూసుకోవడం కష్టం.

అందుకే ఇంటికి నిష్పత్తే మేలు: నడుమును ఎత్తుతో భాగించండి. సగానికి లోపు ఉండాలి. 140 సెంటీమీటర్ల ఎత్తుంటే నడుము 70 లోపు. టేపు లేకపోతే పిల్లాడి ఎత్తంత దారం కత్తిరించి, సగానికి మడిచి, నడుము చుట్టూ తిప్పండి. రెండు కొసలు కలిస్తే సరే, కలవకపోతే గమనించాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో అయిదేళ్లు, ఆపైన పిల్లలకూ ఈ నిష్పత్తిని వాడవచ్చని చెప్పింది. 0.4 నుంచి 0.49 వరకు ఆరోగ్యకరం, 0.5 నుంచి 0.59 వరకు ముప్పు పెరిగినట్టు, 0.6 అంతకు మించితే ముప్పు ఎక్కువ.

వయసుకో పట్టిక అక్కర్లేకపోవడం దీని బలం. రెండు లోపాలూ ఉన్నాయి. అయిదేళ్ల లోపు పిల్లలకు పొట్ట ముందుకు ఉండటం సహజం, వాళ్లకు సగం లెక్క వర్తించదు. ఇక పోషణ తక్కువై చిక్కిపోతున్న పిల్లలను ఇది పట్టుకోదు, దానికి బీఎంఐ చార్టే కావాలి. గీత దగ్గర్లో ఉన్నప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి: 140 ఎత్తుకు 69 వస్తే 0.49, 71 వస్తే 0.51. రెండు సెంటీమీటర్ల తేడా టేపు పట్టిన చేతి వల్ల కూడా వస్తుంది.

మిగతావి, క్లుప్తంగా

కొవ్వు శాతం చెప్పే మెషీన్లు అరికాళ్ల గుండా బలహీనమైన కరెంటు పంపి, అడ్డు ఎంతుందో చూసి లెక్క వేస్తాయి. నీళ్లు ఎక్కువ తాగినా, ఆడి చెమట పోయినా అంకె మారిపోతుంది. చాలావాటిలోని లెక్క పెద్దవాళ్ల ఒంటికి సరిపోయేది. పిల్లల కోసం కొనవద్దనే చెబుతాను. పేస్‌మేకర్ లాంటి పరికరం ఒంట్లో ఉన్నవాళ్లు అసలు ఎక్కకూడదు. చర్మం మడత పట్టి కాలిపర్‌తో కొలిచే పద్ధతి చేయి తిరిగినవాళ్లు చేస్తే బాగుంటుంది, ఇంట్లో కుదరదు. ఎక్స్‌రేలతో కొవ్వును కొలిచే డెక్సా స్కాన్ కచ్చితమైనదే, కొద్దిపాటి రేడియేషన్ ఉంటుంది, డాక్టర్ అవసరమనుకుంటేనే. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు భుజానికీ మోచేతికీ మధ్య దండ చుట్టుకొలత తీస్తారు. అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్రమైన పోషకాహార లోపం, వెంటనే వైద్యం కావాలి.

ఎవరికి ఏది

ఆటల్లో ఉండి కండ పట్టిన పదిహేనేళ్ల అబ్బాయి బీఎంఐ గీత దాటితే, నిష్పత్తి చూడండి. 0.45 దగ్గర ఉంటే కంగారు అక్కర్లేదు. బీఎంఐ మామూలుగా ఉండి పొట్ట మాత్రం కనిపిస్తున్న పిల్లకు కూడా నిష్పత్తే అసలు సంగతి చెబుతుంది. బాగా సన్నగా ఉన్నారనిపిస్తే నడుము వదిలేసి బీఎంఐ చార్టు చూడండి. వెన్ను వంకర ఉన్నా, చక్రాల కుర్చీలో ఉన్నా నిలబెట్టి తీసే ఎత్తు సరిపోదు కాబట్టి రెండు లెక్కలూ తప్పుతాయి, అది డాక్టర్‌కే వదలాలి.

బరువు తగ్గించే ప్రయత్నంలో ఉన్న పిల్లలకైతే స్కేల్ మీద అంకె చాలా నిరుత్సాహపరుస్తుంది. 140 ఎత్తు, 45 కిలోలు ఉన్న పిల్ల బీఎంఐ 23. ఏడాదిలో ఆరు సెంటీమీటర్లు పెరిగి బరువు అక్కడే ఉంటే బీఎంఐ 21.1కి దిగుతుంది. ఒక్క కిలో తగ్గకుండానే ఆ పిల్ల గెలిచింది. ఎదిగే వయసులో చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం ఇదే: బరువును ఆపడం, ఎత్తును పెరగనివ్వడం. ఇది తెలియని ఇంట్లో ‘ఏడాది నుంచీ ఒక్క కిలో తగ్గలేదు’ అన్న మాట పడుతుంది.

ఆ మాటలు ఊరికే పోవు. బరువు గురించి ఇంట్లో ఎత్తిపొడుపులు వినే పిల్లల్లో తిండికి సంబంధించిన మానసిక సమస్యలు పెరుగుతాయని, అలాంటి మాటలు మానమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో హెచ్చరించింది. అందుకే కొలత తలుపు వేసుకుని తీయండి, తోబుట్టువుల ముందు వద్దు. అంకె పైకి చదవకండి. పెద్ద పిల్లలైతే టేపు వాళ్ల చేతికే ఇచ్చి చూపించండి, వద్దంటే ఆ రోజుకు ఆపేయండి. తగ్గితే బహుమతి అన్న బేరం పెట్టవద్దు. పిల్ల తనంతట తానే రోజూ స్కేల్ ఎక్కుతూ, భోజనం మానేస్తూ, వదులు బట్టల్లో ఒళ్లు దాచుకుంటూ ఉంటే స్కేల్ తీసి లోపల పెట్టి, డాక్టర్‌తో మాట్లాడండి.

డాక్టర్‌కు చూపించాల్సినవి

చార్టులో పిల్లలు సాధారణంగా తమ గీత వెంటే నడుస్తారు. చార్టులో ముద్రించిన పర్సెంటైల్ గీతల్లో రెండింటిని దాటి పైకో కిందికో వెళితే చూపించండి. నిష్పత్తి 0.5 దాటి తర్వాతి కొలతలోనూ అక్కడే ఉన్నా, మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారినా, రాత్రి గట్టిగా గురక పెడుతున్నా అంతే.

అందరూ పట్టించుకోని గుర్తు ఇంకొకటి ఉంది. ఎక్కువ తినడం, తక్కువ కదలడం వల్ల లావైన పిల్లలు సాధారణంగా తమ వయసుకు కాస్త పొడుగ్గానే ఉంటారు. అలా కాకుండా బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోతే థైరాయిడ్ లోపమో, మరో హార్మోన్ సమస్యో ఉండవచ్చు. ఇది బరువు ఒక్కటే రాసుకునే ఇంట్లో ఎప్పటికీ బయటపడదు. కాబట్టి తేదీ, ఎత్తు, బరువు, నడుము, నడుము ఎక్కడ తీశారు అన్నవి వరుసగా రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి.

ఇక కొలతల కోసం ఆగకూడని సందర్భం ఒకటుంది. పిల్లలు ఉన్నట్టుండి చిక్కిపోతూ, విపరీతంగా దాహం వేసి, మాటిమాటికీ మూత్రానికి వెళుతుంటే అది టైప్ 1 డయాబెటిస్ కావచ్చు. అప్పుడు రేపటిదాకా ఆగకుండా అదే రోజు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి.